మేడ ఎక్కించకుండా పంపిన పిల్ల

సరాయి పేరు చెప్పను. అందులో ఇవాళ కూడా మనుషులు దాక్కుని ఉన్నారు.

దక్షిణ ఢిల్లీలో బేర్ సరాయ్, జియా సరాయ్ అని చదువుకునే పిల్లలు గదులు తీసుకుని ఉండే పేటలున్నాయి కదా, ఇదీ అలాంటి చోటే. సరాయి అంటే సత్రం. రాజుల కాలంలో బాటసారుల కోసం కట్టారట. చుట్టూ గోడ, గోడకు ఆనుకుని కమానుల గదులు, మధ్యలో వాకిలి, వెనక సందులోకి పెద్ద రాతి గేటు. ఇప్పుడు గోడ సగం లేదు. రోడ్డు వైపు కొత్త గుమ్మం పెట్టి ఒక ట్రస్టు వాళ్ళు ధర్మశాల నడుపుతున్నారు. పెద్దాసుపత్రికి వచ్చే రోగుల బంధువులు అందులో దిగుతారు. పాత గేటూ దాని పక్కన ఆరు గదులూ మావి. ఇళ్ళల్లో పనికని తెచ్చి తాళాలు వేసి ఉంచితే, ఎలాగో తప్పించుకుని వచ్చిన ఆడవాళ్ళు ఆ ఆరు గదుల్లో ఉంటారు.

నేను అక్కడ పంతొమ్మిదేళ్ళు పనిచేశాను. మొదట వంటమనిషిని. తర్వాత గేటు కూడా నాదే అయింది. మోకాళ్ళు పోయాక మానేశాను. ఈమధ్య కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు వెతుక్కుంటూ వచ్చారు. అందులో ఒకమ్మాయి తెలుగు పిల్ల, హైదరాబాదులో పెద్ద చదువు చదివింది. "ఆంటీ, ఈ పని ఎలా చేయాలి?" అని అడిగింది. ఎలా చేయకూడదో చెప్పగలను అన్నాను. నాకు చదువు రాదు. సంతకం వచ్చు, బస్సు నంబర్లు వచ్చు, అంతే. నేను చెప్తుంటే ఎదురింటి అమ్మాయి రాస్తోంది. నా యాస తీసేసి పుస్తకాల్లో ఉన్నట్టు రాయమన్నాను. మనుషులు అన్న మాటలు మాత్రం వాళ్ళు అన్నట్టే ఉండాలన్నాను.

చీపురు దాచండి

ఈ ఊళ్ళో బానిస చేతికి సంకెల ఉండదు. ఇంటికి బయటి నుంచి గడియ ఉంటుంది. కొండల్లోంచి, తేయాకు తోటల్లోంచి దలాల్ ఒకడు పిల్లను తెస్తాడు. మంచి ఇల్లు, టీవీ ఉంటుంది, నెల నెలా మీ ఊరికి పంపిస్తాం అంటాడు. ఇక ఆ పిల్ల మూడేళ్ళో నాలుగేళ్ళో పదకొండో అంతస్తులో ఉండిపోతుంది. ఊరి పేరు చెప్తుంది, జిల్లా పేరు చెప్పలేదు. అమ్మ పేరు చెప్తుంది, ఫోను నంబరు తెలియదు.

వచ్చిన రోజు ఏం చేస్తారో తెలుసా? చీపురు పట్టుకుంటారు. అన్నం తిన్న చేయి కడిగీ కడగక ముందే వాకిలి ఊడవడం మొదలుపెడతారు. ఊడవకపోతే తంతారని భయం. నేను కొత్తలో సంతోషించాను, పనిమంతురాలు వచ్చింది, నాకు సాయం అని. అది నా మొదటి తప్పు. ఒకమ్మాయి అలా పదిహేను రోజులు ఊడిచి, నేను ఒకరోజు విసుగులో "అక్కడ మట్టి వదిలేశావు" అన్నందుకు రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని గోడవారన కూర్చుండిపోయింది. అప్పటి నుంచి కొత్త మనిషి వస్తే చీపుళ్ళు, చేటలు, తడిగుడ్డలు అన్నీ నా గదిలో పెట్టి గడియ వేసేదాన్ని.

గట్టిగా పిలవొద్దు. పళ్ళెం వాళ్ళ ముందు పెట్టి, మీరూ పళ్ళెం పెట్టుకుని కూర్చోండి. నిలబడి తింటామంటారు, కూర్చోమని బలవంతం చేయొద్దు. మీరు కింద కూర్చుంటే కొన్నాళ్ళకు వాళ్ళూ కూర్చుంటారు. కొందరు కూర్చోరు. కొందరు వాళ్ళంతట వాళ్ళే ఆ ఇళ్ళకు తిరిగి వెళ్ళిపోతారు. అది కూడా చూస్తారు మీరు. నేను చాలామందిని చూశాను.

బూఆ

మా ఆయన సైన్యంలో వంటవాడు. కంటోన్మెంటులో ఉండేవాళ్ళం. గుండె ఆగి పోయాడు. క్వార్టరు ఖాళీ చేయమన్నారు. పిల్ల చిన్నది. ఊళ్ళో అత్తవారు రావద్దని మొహం మీదే చెప్పారు. ఒక ఆఫీసరు గారి భార్య జాలిపడి ఈ సరాయిలో వంటకు పెట్టించింది.

అప్పటికి గేటు బూఆ చేతిలో ఉండేది. బూఆ అంటే మేనత్త. అసలు పేరు ఎవరూ పిలిచేవాళ్ళు కాదు. ఆమె వాళ్ళ అమ్మ, అమ్మమ్మ, తాతమ్మ అందరూ ఆ సరాయిలోనే పుట్టారు. వాళ్ళది సరాయిలో బాటసారులకు వండిపెట్టే కులం, భటియారిన్లు అంటారు. రాజుల కాలంలో మనుషుల్ని సంతలో కొనేవారట, అలా కొన్న వాళ్ళు పారిపోయి వస్తే మా తాతమ్మలు గుర్రాల మేత కింద దాచేవారు అని చెప్పేది. నిజమో కాదో నాకు తెలియదు. ఆమె మాత్రం నిన్న జరిగినట్టు చెప్పేది.

నన్ను చూడగానే ఏమందో చెప్పనా?

"ఏ మద్రాసన్! రొట్టె చేయడం వచ్చా, లేక ఇడ్లీ పెట్టి చంపుతావా?"

"మాది మద్రాసు కాదు. ఆంధ్రా, శ్రీకాకుళం" అన్నాను వచ్చీరాని హిందీలో.

"అచ్ఛా, అయితే మద్రాసు అవతలా ఇవతలా?"

"ఇవతల."

"ఠీక్ హై, ఇవతలి మద్రాసన్. పిండి కలుపు."

నోరు చేదు, చేయి చల్లన. పంతొమ్మిదేళ్ళలో నాకు ఈ పని నేర్పింది ఆమె ఒక్కతే. ట్రస్టు సెక్రటరీ సాబ్ అని ఒకాయన పైన ఉండేవాడు. చెడ్డవాడు కాదు. బియ్యం, పిండి, గ్యాసు ఏ రోజూ తక్కువ కానివ్వలేదు. కానీ ఆయన ఒక్కసారి కూడా ఆ ఆరు గదుల్లో కూర్చుని నీళ్ళు తాగలేదు. పిల్లను తీసుకెళ్ళినవాళ్ళ సంతకం పుస్తకంలో ఉందా లేదా అనేదే ఆయన చూసేది. సంతకం ఉంటే మనిషి క్షేమంగా ఉన్నట్టే ఆయన లెక్క.

మేడ

ఇది జాగ్రత్తగా వినండి, మీ పని మొత్తం ఇందులో ఉంది.

ఆ పాత గేటు పైన ఒక చిన్న గది ఉంది. గోడలో ఇరుకు మెట్లుంటాయి, మనిషి పక్కకు తిరిగి ఎక్కాలి. గదికి రాతి జాలీ ఉంది. అందులోంచి చూస్తే గేటు కింద నిలబడ్డ మనిషి తల నుంచి కాళ్ళ దాకా కనబడతాడు. కింద వాళ్ళకు పైన ఉన్న మనిషి కనబడదు. మేం దాన్ని మేడ అనేవాళ్ళం.

మా దగ్గరున్న పిల్ల కోసం ఎవరైనా వస్తే, అమ్మ అని కానీ, అన్న అని కానీ, మొగుడని కానీ, గేటు తీయకూడదు. వచ్చిన మనిషిని కమాను కింద నిలబెట్టాలి. పిల్లను మేడ ఎక్కించాలి. ఆమె జాలీలోంచి చూస్తుంది. మాట్లాడకూడదు, ఏడవకూడదు. నా వాళ్ళే, వెళ్తాను అనుకుంటే దిగి వచ్చి బూఆ అరచేతిలో తన అరచేయి పెడుతుంది. లేకపోతే పైనే కూర్చుండిపోతుంది. ఎంతసేపు కూర్చున్నా ఎవరూ పిలవరు. దిగకపోతే గేటు తెరుచుకోదు. ఇదీ మా కట్టుబాటు.

మొదట నాకు ఈ పద్ధతి నచ్చలేదు. చేరిన ఏడే ఒక సంగతి జరిగింది. ఝార్ఖండ్ పిల్ల ఫూల్మణి ఉండేది మా దగ్గర. ఆమె కోసం తల్లి వచ్చింది. చేతిలో మిఠాయి డబ్బా, కాళ్ళకు చెప్పుల్లేవు. బూఆ పిల్లను మేడ ఎక్కించింది. పిల్ల దిగలేదు. తల్లి గేటు దగ్గర మట్టిలో పడి పొర్లింది. ఎండ ఎక్కింది. నేను ఆగలేకపోయాను.

"ఆమె తల్లి! తలుపు తీయి. నీకు పిల్లల్లేరు, నీకేం తెలుస్తుంది?" అన్నాను.

బూఆ రొట్టె తిప్పుతూనే ఉంది. "ఏడుగురిని కన్నాను. నలుగురు మిగిలారు. నీ కంటే ఆరుగురు ఎక్కువ. పిండి కలుపు."

మధ్యాహ్నానికి తల్లి లేచి వెళ్ళిపోయింది. సందు చివర కారు ఉంది. ఫూల్మణిని తెచ్చి అమ్మిన దలాల్ అందులో ఉన్నాడు. తల్లి వెనక సీట్లో కూర్చుంది. నేను గోడ మీంచి చూశాను. ఫూల్మణి అప్పుడు దిగివచ్చి నాతో ఒకే మాట అంది.

"అమ్మ మంచిదే, దీదీ. చెల్లి వాడి దగ్గరుంది. నన్ను ఇస్తే చెల్లిని వదులుతాను అని ఉంటాడు."

ఆ చెల్లి ఏమైందో మాకు తెలియలేదు. మేం ఒకరిని ఆపితే ఇంకొకరు పోయేవాళ్ళు. ఫూల్మణి రెండు రోజులు అన్నం ముట్టలేదు.

ఎదురుగా నిలబెట్టి అడిగితే ఈ పిల్లలు కాదు అనలేరు. అది వాళ్ళ నోటికి రాదు. కాదన్న ప్రతిసారీ దెబ్బ తిన్నవాళ్ళు. అందుకే బూఆ వాళ్ళ ముసలమ్మలు ఆ గదిని అలా వాడారు. నాకు ఇది అర్థమయ్యే సరికి ఏళ్ళు పట్టింది. అర్థమయ్యాక కూడా తప్పు చేశాను.

సుక్కి

బూఆకు కళ్ళల్లో పొర వచ్చి మూల గదిలో మంచం పట్టింది. గేటు తాళంచెవి నా నడుముకు వచ్చింది. ఆ ఏడే సుక్కి వచ్చింది.

పంతొమ్మిదో ఇరవయ్యో ఉంటాయి. గుర్గావ్‌లో పెద్ద అపార్టుమెంటులో నాలుగేళ్ళు ఉంచారు. చెత్త తీసుకెళ్ళే మనిషి వెనకే చెత్త సంచి పట్టుకుని లిఫ్టు ఎక్కి దిగిపోయిందట. పక్కింటి పనిమనిషి, బెంగాలీ ఆవిడ, మా గేటు గుర్తులు చెప్పి పంపింది. జుట్టు కత్తిరించి ఉంది. ఎడమ చేయి మీద ఇస్త్రీ పెట్టె మచ్చ. నేను పప్పు, రొట్టె పెట్టాను. రొట్టె పక్కకు పెట్టి, లోపల అన్నం గిన్నె వైపు చూసి తనలో తాను అనుకున్నట్టు అంది: "కూసింత అన్నముంటే బాగున్ను."

నేను గరిటె గిన్నెలో వదిలేసి దాని ముందుకు వచ్చాను.

"ఏటన్నావు? మల్లీ అను!"

పిల్ల బెదిరిపోయింది. "ఏటీ నేదు."

"ఓలమ్మ! నువ్వు మనకాడి గుంటవేటే! ఏ ఊరే?"

"సీతంపేట అవతల, కొండ మీద."

నేను కింద కూలబడి ఏడ్చాను. మా ఆయన పోయాక ఆ యాస నా చెవిన పడలేదు. నా కూతురు హిందీలోనే జవాబు చెప్తుంది. ఢిల్లీలో తెలుగువాళ్ళు బోలెడుమంది, కానీ వాళ్ళ తెలుగు వేరు. ఆ రోజు నుంచి నా బతుకు మారింది. చింతపండు తెచ్చాను. మునిర్కా బజారుకు పోయి ఎండుచేప తెచ్చాను, ధర్మశాల వాళ్ళు వాసన అని గోల చేసినా వినలేదు. సుక్కి నన్ను అప్పా అనేది. మా వైపు అక్కను అప్ప అంటాం. సాయంత్రాలు ఇద్దరం వాకిట్లో కూర్చుని మా ఊళ్ళ గురించి చెప్పుకునేవాళ్ళం. దానికి తల్లి ఉంది, వెళ్ళాలని ఉంది. ఊరి స్కూలు మాస్టారి ఫోను నంబరు దొరికితే సెక్రటరీ సాబ్ టికెట్టు తీస్తానన్నాడు. నెల రోజుల పని. ఆగి ఉంటే సరిపోయేది.

నేను ఆగలేదు. శనివారం గుడికి పోతే ప్రసాదం లైనులో కనబడ్డ ప్రతి తెలుగు మనిషికీ చెప్పుకున్నాను. "మా దగ్గరికి మన సీతంపేట పిల్ల వచ్చింది, సుక్కి అని." సంతోషం పట్టలేక చెప్పాను. అది ఎవరి చెవిన పడిందో ఈనాటికీ తెలియదు.

పది రోజులకు ఒకామె వచ్చింది. మిట్టమధ్యాహ్నం. నేత చీర, రెండు ముక్కులకూ పుడకలు, కాలికి మట్టెలు. గేటు కింద నిలబడి గొంతెత్తి పిలిచింది.

"అప్పా! ఓలప్పా! నాను సుక్కికి మేనత్తని. సూడ్డానికొచ్చినాను."

నేను చిన్న తలుపు సందులోంచి చూశాను. "ఏ ఊరు?"

"కొత్తూరు కాడ. మా అన్న కూతురది. నాలుగేల్లయి ఎతుకుతన్నాం తల్లీ. నీదే ఊరప్పా?"

"టెక్కలి దగ్గర."

"ఓలమ్మ! మా ఆడబొట్టిని టెక్కలి ఇచ్చినాం గదేటి! పులుసు వాసనొస్తంది. ఎండుచేపేటి?"

ఆ మాటకు నా చేయి గడియ మీదకు పోయింది. తీశాను. ఇన్నేళ్ళలో మొదటిసారి కొత్త మనిషిని లోపలికి తెచ్చి కూర్చోబెట్టి అన్నం పెట్టాను. పులుసు జుర్రుతూ కళ్ళు తుడుచుకుంది. నాకూ కళ్ళు చెమర్చాయి.

సుక్కి కుళాయి దగ్గర బట్టలు ఉతుకుతోంది. చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమెను చూసింది. ఆగిపోయింది. తల వంచుకుంది.

"ఏటే, మేనత్తని గుర్తుపట్టలేదేటి?" అంది ఆమె, నవ్వుతూ.

"పట్టినాను" అంది సుక్కి.

పెద్దవాళ్ళను చూసి సిగ్గుపడింది అనుకున్నాను నేను. అంత ఆనందంగా ఉన్నాను. ఒక ప్లాస్టిక్ సంచిలో దాని రెండు జతల బట్టలు, ఎండుచేప పొట్లం కట్టాను. ధర్మశాల గుమాస్తా చేత పుస్తకంలో బంధువు అని రాయించాను, ఆ మేనత్త వేలిముద్ర వేసింది. అప్పుడు సుక్కి నా పక్కకు వచ్చి నా చీర కొంగు పట్టుకుని మెల్లగా అడిగింది.

"అప్పా, నాను మేడెక్కనక్కర్లేదా?"

అది మిగతా పిల్లలు ఎక్కడం చూసింది. దానికి తెలుసు.

నేను నవ్వాను. నవ్వాను, అలాగే రాయి అమ్మా. "మనోలే గదే పిచ్చిగుంటా, మనోలకి మేడెందుకు?"

పిల్ల సంచి అందుకుంది. ఆమె వెనకే సందులోకి నడిచిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. నేను చేయి ఊపుతూనే ఉన్నాను.

పుస్తకంలో వేలిముద్ర

మూడు రోజులకు స్కూలు మాస్టారు ఫోనులో దొరికాడు. సుక్కి తండ్రికి అక్కచెల్లెళ్ళు ఎవరూ లేరు అన్నాడు. తల్లి ఫోను పట్టుకుని "నా గుంట బండెక్కిందా అమ్మా?" అని అడిగింది. నేను ఫోను సెక్రటరీ సాబ్ చేతికిచ్చాను.

ఆయన పుస్తకం తీసి చూశాడు. "బంధువు అని రాసి ఉంది. వేలిముద్ర ఉంది. నీ మీదకు ఏమీ రాదు. నువ్వు కంగారు పడకు." ఆయన నన్ను ఓదార్చాడు. పోలీసు స్టేషనుకు పోతే అక్కడి మనిషి "లడ్కీ మేజర్. తన కాళ్ళతో నడిచి వెళ్ళింది. ఇంకేం రాయాలి?" అన్నాడు. నాకు శిక్ష వేసేవాళ్ళే లేకపోయారు.

బూఆ దగ్గరికి పోయి చెప్పాను. మొత్తం విన్నది. ఒక్కటే అడిగింది: "మేడ ఎక్కిందా?"

"లేదు బూఆ."

గోడ వైపు తిరిగింది. తిట్టలేదు. ఆ రోజు నుంచి నా చేతి రొట్టె తినలేదు. వేరే పిల్లలు ఎవరైనా పెడితే తినేది. నేను పెడితే పళ్ళెం అలాగే ఉండేది. ఎనిమిది నెలల తర్వాత పోయింది. చివరి వరకూ అంతే.

మీరు అడుగుతారు, ఆ పని ఎందుకు మానలేదు అని. మానితే ఎక్కడికి పోతాను? అక్కడ కూర్చుంటే అది మళ్ళీ పారిపోయి వస్తుందేమో అనుకున్నాను. ఆ ఆశ మీద రెండేళ్ళు గేటు దగ్గరే పడుకున్నాను.

ఒక్క సంగతి చెప్తాను, హైదరాబాదు నుంచి వచ్చిన తల్లీ, నీకే. ఆ వచ్చినామె హిందీలో మాట్లాడి ఉంటే నేను తలుపు తీసేదాన్ని కాదు. ఝార్ఖండ్ తల్లిని ఎండలో నిలబెట్టినవాళ్ళం మేం. నా యాసకు లొంగిపోయాను. నీ ఊరి మాట వినబడినప్పుడే గడియ మీద రెండో చేయి వేసి పట్టుకో.

పసుపు బొచ్చు కుక్క

గుడిలో నోరు జారినదాన్ని, అదే గుడిలో మళ్ళీ అందరికీ చెప్పుకున్నాను. ఎక్కడైనా మన యాస మాట్లాడే పనిపిల్ల కనబడితే ఫోను చేయండి అని. రెండేళ్ళకు ఒక గుంటూరమ్మాయి చేసింది. భర్త సాఫ్ట్‌వేరు, గుర్గావ్‌లో ఉంటారు. "ఆంటీ, మా ఎదుటి టవర్‌లో ఒకమ్మాయి ఉదయం కుక్కను తిప్పడానికి తెస్తుంది. మనుషులతో మాట్లాడదు. కుక్కతో మాత్రం తెలుగులో మాట్లాడుతుంది. చేతి మీద కాలిన మచ్చ ఉంది."

ఈసారి నేను పద్ధతి ప్రకారం చేయాలనుకున్నాను. సెక్రటరీ సాబ్ చేత చెప్పించుకుని పోలీసులను వెంటబెట్టుకుని వెళ్ళాను. అది కూడా తప్పే. పెద్ద హాలు, తెల్ల సోఫాలు. ఇంటి మేడమ్ ఎంతో మర్యాదగా కూర్చోమంది. టీ వచ్చింది. తెచ్చింది సుక్కే. పళ్ళెం పట్టుకుని నా ముందు వంగింది. నా మొహం చూసింది. చూపు కప్పు మీదకు పోయింది.

మేడమ్ పక్కనే ఉండగా పోలీసు అడిగాడు. "బేటా, ఇక్కడ సంతోషంగా ఉన్నావా?"

"జీ."

"వెళ్ళాలని ఉందా?"

"నహీ జీ."

నేను ఒంటరిగా మాట్లాడతాను అన్నాను. "మా కూతురు లాంటిది. మా ముందు మాట్లాడితే తప్పేముంది?" అంది మేడమ్. పోలీసులు లేచారు. నేను టీ తాగేశాను. వద్దు అనడానికి కూడా నాకు నోరు రాలేదు.

తర్వాతి ఆదివారం ఒక్కదాన్నే పోయాను. గుంటూరమ్మాయి చెప్పిన వేళకు, ఆ అపార్టుమెంట్ల గోడ బయట. సుక్కి వచ్చింది. పక్కన పసుపు బొచ్చు పెద్ద కుక్క. బాగా చిక్కిపోయింది. జుట్టు మళ్ళీ కత్తిరించారు. నేను చేయి పట్టుకున్నాను.

"పద. ఆటో ఉంది. కుక్కని ఆ గేటుకి కట్టీసి పద."

"ఎక్కడికి?"

"సరాయికి. ఈసారి నాను…"

"ఆ తలుపు తీసినది నువ్వే గదప్పా."

"తప్పు సేసినానే. నీ కాల్లు పట్టుకుంటాను. నాకు తెలవక…"

"కోపం నేదు." చేయి విడిపించుకుంది, నెమ్మదిగా, నొప్పి పెట్టకుండా. "ఈల్లు తాలమేసీటప్పుడు తాలమేస్తన్నాం అంటారు. కొట్టీటప్పుడు కొడతన్నాం అంటారు. నువ్వు ఎండుచేప పొట్లం కట్టిచ్చినావు. అది తిన్నాను నాను, ఆ బండిలో. ఏడుస్తా తిన్నాను. మల్లీ నమ్మడానికి నాకు బలం నేదు."

"మీ అమ్మ ఉన్నాది. మాస్టారు ఫోను సేస్తాడు. మాటాడతావా?"

దాని మొహం ఒక్క క్షణం కదిలింది. తర్వాత గేటు దగ్గరి సెక్యూరిటీ వాడు ఇటు తిరిగాడు. సుక్కి తాడు లాగింది. "పద నాన్నా, ఇంటికెలిపోదాం" అంది కుక్కతో. వెళ్ళిపోయింది.

నేను అరిచి గోల చేసి ఉంటే బాగుండేదా? లాక్కుని ఆటోలో వేసి ఉంటే? లాక్కుపోయేవాళ్ళు వేరే ఉన్నారు, నేనూ వాళ్ళలో కలవాలా? ఇప్పటికీ నాకు జవాబు తెలియదు. మీకు తెలిస్తే నాకు చెప్పండి. ఈ పనిలో మంచి మాటలు చెప్పే పెద్దవాళ్ళు మీకు చాలామంది దొరుకుతారు, ఒక్కరిని కాపాడినా చాలు అంటారు. కాపాడిన వాళ్ళ మొహాలు నాకు గుర్తులేవు. ఎవరి చేతిలోనూ పెట్టకుండా ఉంచిన వాళ్ళు, వెళ్ళిపోయి బాగున్న వాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళెవరూ నా కళ్ళ ముందుకు రారు.

తర్వాతి ఆదివారం పోయాను. రాలేదు. ఆ తర్వాతి వారమూ రాలేదు. నాలుగో వారం కుక్క వచ్చింది. తాడు వేరే పిల్ల చేతిలో ఉంది. పదహారేళ్ళుంటాయేమో, సన్నగా, చెవులకు ఈనుపుల్లలు. నేను దగ్గరికి పోయి అడిగాను.

"బేటా, ఇంతకు ముందు ఈ కుక్కను తెచ్చే దీదీ ఏది?"

"తెలియదు ఆంటీ. నేను వచ్చేసరికి ఎవరూ లేరు."

"ఎక్కడికి పంపారో ఇంట్లో అనుకోవడం విన్నావా?"

తల అడ్డంగా ఊపింది. ఆ కుక్క దాని మాట వినడం లేదు. తాడు లాగేస్తోంది, రోడ్డు మీదకు పరుగెత్తబోతోంది. పిల్ల భయంతో "బైఠ్! బైఠ్! సిట్!" అని అరుస్తోంది. కుక్క చేయి జారితే ఇంట్లో దానికి ఏం జరుగుతుందో నాకు తెలుసు.

నేను వంగి, "కూకో నాన్నా" అన్నాను.

కుక్క ఆగింది. నా వైపు తిరిగి, తోక ఊపుతూ, నా కాళ్ళ దగ్గర కూర్చుంది.

"అరే వాహ్! ఆంటీ, మీ మాట విన్నది! ఏమన్నారు? నాకూ నేర్పండి" అంది ఆ పిల్ల.

నేర్పాను. రెండు మాటలు. కూకో అని, పద అని. పిల్ల చక్కగా పలికింది.